రోహిణి కార్తెలో ఊలు కొన్నాను: నెల్లూరు చిన్నబజారు కొట్టు గురించి

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఊలు కొనడానికి కావలి నుంచి నెల్లూరు బయల్దేరానంటే మా ఆయన నవ్వాడు, పినాకినిలో పక్క సీటావిడ నవ్వింది, స్టేషన్ బయట ఆటో అబ్బాయి అయితే "ఊలంటే స్వెటర్లకు అల్లేదేనా మేడమ్?" అని రెండుసార్లు అడిగి మరీ నవ్వాడు. నవ్వనివ్వండి. చలికాలానికి స్వెటర్ కావాలంటే ఎండాకాలంలోనే మొదలుపెట్టాలని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు, అయినా ప్రతి ఏడూ దీపావళి అయ్యాక గుర్తొచ్చేది, సంక్రాంతి నాటికి ఒక చెయ్యి మాత్రమే ఉన్న స్వెటర్‌ని సంచిలో కుక్కి అటక మీద పడేసేదాన్ని. అలాంటి సంచులు మా అటక మీద నాలుగున్నాయి. ఈ ఏడాది ఐదోది ఎక్కకూడదని జూన్ మొదటి వారంలోనే నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాను. అందులో అల్లాల్సినవి పదకొండు రాసుకున్నాను. తిరిగొచ్చేటప్పటికి మూడు మిగిలాయి. ఆ ఎనిమిదీ కొట్టించిన కొట్టు గురించే ఇదంతా.

కొట్టు పేరు రాయను. రాస్తానంటే ఓనరు పెద్దాయనే వద్దన్నాడు. "మంచి సరుకు నా దగ్గరకు ఆరు నెలలకోసారి వస్తుందమ్మా, నువ్వు రాస్తావు, నలుగురొస్తారు, లేదంటే నన్ను తిట్టుకుంటా పోతారు" అన్నాడు. ట్రంకు రోడ్డు నుంచి చిన్నబజారులోకి తిరిగాక, జాకెట్ లైనింగులు, ఫాల్సులు, గుండీలు, లేసులు అమ్మే ఫ్యాన్సీ కొట్లు వరసగా ఉంటాయి కదా, అందులో ఒకటి అనుకోండి. కింద అంతా మ్యాచింగ్ సామానే. ఊలు పైన ఉంటుంది. నిచ్చెనకు కాస్త ఎక్కువ, మెట్లకు కాస్త తక్కువ అన్నట్టుండే చెక్క మెట్లెక్కి పోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే కూర్చుంటే పెద్దాయన కోడలు గారు సరుకు కిందికి తెప్పిస్తారు, అడగాలి అంతే.

మన ఊళ్ళలో ఊలు ఎవరు కొంటారని నాకూ అనుమానమే ఉండేది. పైకెక్కి చూస్తే తెలిసింది. దేవుడి పటాలకు దండలు, గుమ్మాలకు తోరణాలు, స్కూలు పిల్లల ప్రాజెక్టులు, బొమ్మలు. అందుకే నాలుగింట మూడొంతులు చిలకపచ్చ, కుంకుమ ఎరుపు, పసుపు రంగు బండ ఊలే. అది ఒంటి మీద వేసుకునేది కాదు, గరగరలాడుతుంది, రెండు ఉతుకులకు బూజులా ముద్దలు కడుతుంది. ఒంటికి పనికొచ్చే సరుకు వెనక రెండు అరల్లో ఉంది. లూధియానా నుంచి వచ్చే యాక్రిలిక్ (ఊలులా కనిపించే ప్లాస్టిక్ జాతి దారం), ఊలు యాక్రిలిక్ కలిసిన రకం, మెర్సరైజ్డ్ కాటన్. ఒకప్పుడు మద్రాసు సౌకార్‌పేట నుంచి పెద్దాయన తనే మూటలు మోసుకొచ్చేవాడట, ఇప్పుడు పార్సిల్‌లో దిగుతోంది.

నేను పుస్తకం తెరిచి, ఫోన్‌లో దాచుకున్న డిజైన్ల ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తూ "దీనికి ఏ ఊలు, ఎన్ని ఉండలు?" అని అడగడం మొదలుపెట్టాను. ఆయన ఫోన్ వైపు చూడలేదు. "ఎవురికి? యాడుంటారు? ఉతికేదెవురు?" అన్నాడు. పదకొండింటికీ ఇవే మూడు ప్రశ్నలు. నాకు మొదట చిరాకేసింది, డబ్బులిచ్చి కొనేదాన్ని, నాకీ ఇంటర్వ్యూ ఏంటని. నాలుగోదానికి వచ్చేసరికి నేనే నోరు మూసుకుని జవాబులు రాసుకోవడం మొదలుపెట్టాను.

మొదటిది మావాడి స్వెటర్. రూర్కీలో చదువుతున్నాడు, అక్కడి డిసెంబర్ చలి మనకు ఊహకు కూడా అందదు. వాడికి అసలు సిసలు ఊలుతో, నెట్‌లో చూసిన మెరినో గొర్రెల ఊలుతో అల్లాలని నా కోరిక. "ఉతికేదెవురు?" అంటే హాస్టల్ వాషింగ్ మెషీన్ అని చెప్పాను. పెద్దాయన నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు. ఊలు పోగు మీద చేపకు ఉన్నట్టే సన్నటి పొలుసులుంటాయి, కంటికి కనిపించవు. వేడినీళ్ళలో వేసి గిరగిరా తిప్పితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఇక విడిపోవు, బట్ట కుంచించుకుపోయి కంబళి ముక్కలా తయారవుతుంది. పొలుసులు అణచి వాషింగ్ మెషీన్‌కు తట్టుకునేలా చేసిన ఊలు కూడా దొరుకుతుంది కానీ ఈయన దగ్గర లేదు, ఉన్నచోట రేటు వింటే కళ్ళు తిరుగుతాయి. కాబట్టి యాక్రిలిక్. నాకు మనసొప్పలేదు, పైన ఎలాగూ జాకెట్ వేసుకుంటాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. యాక్రిలిక్‌ను ఇస్త్రీ చేయకూడదని మావాడికి చెప్పక్కర్లేదు, వాడు దేన్నీ ఇస్త్రీ చేయడు.

రెండోది మా చెల్లెలి కూతురికి పుట్టబోయే బిడ్డకు. బెంగళూరు, ఆగస్టులో కాన్పు. నేను పుస్తకంలో "పుట్టిన పిల్లల సైజు, లేత నీలం, లేసు డిజైన్" అని రాసుకున్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఆగస్టులో పుడితే చలి పట్టే డిసెంబర్ నాటికి బిడ్డకు నాలుగు నెలలు, జనవరికి ఐదు. పుట్టిన పిల్లల సైజు అల్లితే చలి వచ్చేసరికి అది బొమ్మకు తొడగాల్సిందే. ఆరు నెలల సైజు అల్లమన్నాడు. ఇంత చిన్న విషయం ముగ్గురు పిలకాయలకు అల్లిన నాకు తట్టలేదు, ఆ ముగ్గురి స్వెటర్లూ ఎందుకు కొత్తవాటిలా మిగిలిపోయాయో ఇప్పుడర్థమైంది. లేసు కూడా వద్దన్నాడు, చిల్లుల్లో పసివాళ్ళ వేళ్ళు ఇరుక్కుంటాయి. ముందు వైపు తెరుచుకునేది అయితే తల మీదుగా లాగే బాధ ఉండదు. గుండీలు చదునుగా ఉన్నవి, నోట్లో పెట్టుకుని లాగినా ఊడనంత గట్టిగా కుట్టాలి. ఊలు కాదు, కాటన్, అదీ 4 ప్లై, అంటే సన్న దారం. ఆ కాటన్ పేరులోని మెర్సరైజ్డ్ అన్న మాట జాన్ మెర్సర్ అనే ఆయన పేరు మీద వచ్చింది, 1844లో కాస్టిక్ సోడాతో నూలును శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టాడు, దానివల్ల నూలుకు గట్టిదనం, రంగు బాగా పట్టే గుణం వస్తాయి, ఆ తర్వాత చేర్చిన మెరుగులతో పట్టులాంటి మెరుపూ వచ్చింది. మెరుపు సంగతి ఎలా ఉన్నా కాటన్‌తో ఒక చిక్కుంది. ఊలులా సాగి వెనక్కి రాదు, బరువెక్కువ, పెద్దవాళ్ళ స్వెటర్ అల్లితే దాని బరువుకు అదే కిందికి జారి మోకాళ్ళ దాకా వస్తుంది. పసిబిడ్డ స్వెటర్ చిన్నది కాబట్టి ఆ భయం లేదు.

మూడోది మా నాయనకు మఫ్లర్. ఇది మాత్రం కాసేపు చెప్పాలి.

మా నాయన నవంబర్ వస్తే చాలు, కావలిలో 20 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టి వాకింగ్‌కు పోయే తరం మనిషి. కార్తీకంలో తెల్లవారుజామున ఐదింటికే దీపాలు పెడతారు, ధనుర్మాసంలో ఏటా తిరుమల వెళ్తారు, ఆ కొండ మీద చలి నిజంగానే చలి. ఆయనకు యాక్రిలిక్ అయితే ఉతకడం తేలిక అని నేను తీర్పు చెప్పేశాను. "దీపాలు పెడతాడంటున్నావు గదమ్మా" అన్నాడు పెద్దాయన. యాక్రిలిక్‌కు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఊలు అయితే అంత తొందరగా అంటుకోదు, అంటుకున్నా మాడి మసై చాలావరకు దానంతటదే ఆరిపోతుంది. మాటలతో ఊరుకోకుండా కిందికి తీసుకెళ్ళి రెండు పోగులు అగ్గిపుల్లతో కాల్చి చూపించాడు. యాక్రిలిక్ పోగు నల్లటి పూసలా గట్టిపడింది, ఊలు పోగు వెంట్రుక కాలిన వాసన కొట్టి నలిపితే పొడైంది. ఊలు పేరు చెప్పి మనకు అంటగట్టేవాళ్ళను పట్టుకోవడానికి కూడా ఇదే పరీక్షట.

కానీ ఊలు మా నాయనకు దురద. అప్పుడు పెద్దాయన చేసిన పని నాకు బాగా నచ్చింది. ఊలు వంతు ఎక్కువున్న మిక్స్ రకం ఉండ ఒకటి చేతిలో పెట్టి, "అరచేతితో చూస్తే ఏం తెలీదు, దవడ కింద మెడకు ఆనించి ఓ గంట ఉంచుకోమను, గోక్కోకపోతే మిగతా ఉండలు తీసకపో" అన్నాడు. నాయన ఆ ఉండను తువ్వాల్లో పెట్టి మెడకు చుట్టుకుని, జూన్ ఎండలో ఫ్యాను కింద కూర్చుని పేపరు మొత్తం చదివారు. గోక్కోలేదు. "ఉక్కపోస్తోంది గానీ దురద లేదు" అన్నారు. మఫ్లర్ ఖాయమైంది.

మిగతా ఎనిమిది ఎలా పోయాయంటారా, ఒక్క ప్రశ్నతో పోయాయి. "రోజుకు ఎంతసేపు అల్లతావు?" అన్నాడు. రాత్రి వంటిల్లు సర్దాక అరగంట. "నిమిషానికి ఎన్ని కుట్లు పడతాయి?" ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆయన గోడ గడియారం చూపించి, అక్కడున్న సూదులతోనే అల్లించాడు, కోడలు గారు నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. ఇరవై పడ్డాయి. డబుల్ నిట్ అనే మధ్యరకం లావు ఊలుతో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 22 కుట్లు, అంతే ఎత్తుకు 30 వరుసలు వేసుకుంటే 10 బై 10 ముక్కకు 660 కుట్లు. మావాడి స్వెటర్ ఛాతీ చుట్టు 100 సెంటీమీటర్లు, పొడవు 62, రెండు చేతులు కలుపుకుని ఇంచుమించు అలాంటి 93 ముక్కలంత పని, అంటే 61 వేల కుట్లు. నిమిషానికి ఇరవై చొప్పున 51 గంటలు. రోజుకు అరగంటైతే 102 రోజులు! ఇదే లెక్కన మఫ్లర్‌కు 35 రోజులు, సన్నటి దారం కాబట్టి పసిబిడ్డ స్వెటర్ చిన్నదైనా 32 రోజులు. మొత్తం 169. జూన్ రెండో వారంలో మొదలుపెడితే నవంబర్ నాలుగో వారం. ఒక్క రోజు జ్వరం రాకూడదు, ఒక్క పెళ్ళికి పోకూడదు.

ఆ కాగితం చూశాక మా ఆయనకు వెస్ట్ కోటు, నాకు సాక్సులు (కావలిలో, సాక్సులు!), సోఫా కుషన్ కవర్లు, అమ్మకు లేసు శాలువా, స్నేహితురాలి కూతురికి టోపీ, వినాయకుడి బొమ్మ, ఫోన్ పౌచ్, ఇంకోటేదో, అన్నీ నేనే కొట్టేశాను. శాలువాకు మాత్రం మనసు పీకింది. దాని సంగతి వేరే, ఆ డిజైన్ ఊలుకే నిలుస్తుంది, తడిపి గుండుసూదులతో సాగదీసి ఆరబెడితే ఊలు ఆ ఆకారంలో ఉండిపోతుంది, యాక్రిలిక్ మళ్ళీ ముడుచుకుంటుంది. ఉన్న సరుకుతో అది చేయడం దండగ అని ఆయనే చెప్పాడు. అమ్ముకునేవాడు "దండగ" అనడం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. అంతకుముందు నెలలో ఆన్‌లైన్‌లో ఒకచోట ఆ శాలువాకే మూడు లచ్చిలు తెప్పించాను, ఫొటోలో మామిడి చిగురు రంగు, ఇంటికొచ్చింది గోంగూర రంగు, వాపసు పెడితే పదిహేను రోజులు తిప్పించారు.

ఇప్పుడు సూదుల గోల. దీన్ని అర్థం చేసుకోకపోతే ఎంత మంచి ఊలు కొన్నా వృథానే కాబట్టి ఓపిగ్గా చదవండి. మన దగ్గర పాత సూదుల మీద ఉండే నంబర్లు ఇంగ్లండ్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25. అమెరికా లెక్క దీనికి తలకిందులు, నంబరు పెరిగితే సూది లావవుతుంది, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. నెట్‌లో దొరికే డిజైన్లలో సగం అమెరికావే. ఇది తెలియక రెండేళ్ళ కిందట మా ఆయనకు అల్లిన టోపీ చివరికి కొబ్బరికాయకు సరిపోయింది. ఈ కొట్లో చిల్లులున్న ఒక ఇనుప పలక ఉంది, ఏ సూదినైనా ఆ చిల్లుల్లో దూర్చి ఎన్ని మిల్లీమీటర్లో చూడొచ్చు. అమ్మ నుంచి నాకొచ్చిన సూదులన్నీ సంచిలో వేసుకెళ్ళి ఒక్కొక్కటీ కొలిపించుకుని, మీద చిన్న కాగితం అంటించుకొచ్చాను. పైసా తీసుకోలేదు. అమ్మ కాన్వెంటులో సిస్టర్ల దగ్గర నేర్చుకుంది, ఆ సూదుల మీద అంకెలు అరిగిపోయి ఎన్నేళ్ళయిందో. అందులో స్టీలువి రెండు సముద్రపు గాలికి తుప్పుపట్టాయి, అవి పారేయమన్నాడు. అల్యూమినియంవి పూత పోతే తెల్ల కాటన్‌కు నల్లటి మరకలు అంటుతాయని, లేత రంగులకు వాడొద్దన్నాడు.

పక్కదారి పట్టినా ఇది చెప్పాలి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు మనందరి ఇళ్ళలో ఉన్నవే కదా, అంత సన్నటి పని చేసేవాళ్ళు అల్లిక సూదులు చేయలేరా అని మొన్న సంక్రాంతికి అటు వెళ్ళినప్పుడు ఒకాయన్ను అడిగి రెండు జతలు చేయించుకున్నాను. అందంగా ఉన్నాయి, చేతికి చల్లగా ఉన్నాయి, ఎండాకాలం చెమట చేతులకు అల్యూమినియం కంటే నయం. కానీ ఇనుప పలకలో పెడితే ఒక జతలోనే ఒకటి 4, రెండోది 4.5 దగ్గర తేలింది. పెద్దాయన ఆ రెండో సూదిని జీరో నంబరు గరుకు కాగితంతో రుద్ది, కాస్త కొబ్బరినూనె పట్టించి, పలకలో పెట్టి, మళ్ళీ రుద్ది, ముప్పావుగంట కూర్చుని సరిచేశాడు. అప్పటికి నేను ఆయన దగ్గర కొన్నది రెండు ఉండలు.

అసలు సేవ అంటే నా దృష్టిలో ఇది. మొదటిసారి ఏ రకమైనా ఒక్క ఉండే ఇస్తాడు. ఇంటికెళ్ళి శాంపిల్ ముక్క అల్లి, ఉతికి, ఆరేసి, కొలిచి రమ్మంటాడు. అంతవరకు మిగతా ఉండలు సంచిలో కట్టి పేరు రాసి పక్కన పెడతాడు. మనం సరేనన్నాకే డబ్బులు. అల్లడం అయ్యాక విప్పని ఉండలు, చీటీతో ఉంటే, మూడు నెలల్లోపు వాపసు. శాంపిల్ అంటే నాకెప్పుడూ బద్ధకమే, ఆ టైములో నాలుగు అంగుళాల స్వెటర్ అవుతుంది కదా అనిపించేది. ఈసారి ఆయన భయానికి అల్లాను. 4 మిల్లీమీటర్ల సూదితో నాకు 10 సెంటీమీటర్లకు 22 రావాల్సింది 20 వచ్చాయి, నా చెయ్యి వదులు. అలాగే 220 కుట్లతో మొదలుపెట్టి ఉంటే 100 సెంటీమీటర్ల ఛాతీ 110 అయ్యేది. మావాడితో పాటు వాడి రూమ్మేట్ కూడా అందులో దూరేవాడు. 9 నంబరు, అంటే 3.75కు మారితే లెక్క కుదిరింది.

మఫ్లర్‌కు ఎన్ని ఉండలన్నది కూడా ఇలాంటి శాంపిల్ ముక్కతోనే తేల్చాడు. రిబ్ అల్లికతో (సూటి కుట్టు నిట్, తిరగేసిన కుట్టు పర్ల్, రెండూ మార్చి మార్చి నిలువు గీతలు పడేలా వేసేది) చేసిన 10 బై 10 ముక్కను కుర్రాడితో పక్కన బంగారు కొట్టుకు పంపి తూకం వేయించాడు. 4 గ్రాములు. (బంగారు కొట్టాయన "హాల్‌మార్క్ ఏదీ?" అన్నాడట.) మఫ్లర్ 20 బై 160, అంటే 32 ముక్కలు, 128 గ్రాములు, 50 గ్రాముల ఉండలు మూడు. రిబ్బే ఎందుకంటే, ఒక వైపు అంతా నిట్, ఇంకో వైపు అంతా పర్ల్ అల్లితే అంచులు చాపలా చుట్టుకుపోతాయి, మఫ్లర్ కాస్తా తాడవుతుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు బిల్లు ఇది: స్వెటర్‌కు యాక్రిలిక్ పది ఉండలు 550, కాటన్ మూడు 390, మిక్స్ మూడు 420, 32 అంగుళాల వైరు సూది (రెండు పొట్టి సూదుల్ని వైరుతో కలిపినది) 250. మొత్తం 1,610 రూపాయలు. వైరు సూది దండగ అనుకునేదాన్ని, కానీ పొడుగు సూదులు రైల్లో పక్కవాళ్ళ డొక్కలో గుచ్చుకుంటాయి, ఇది ఒళ్ళో ఇమిడిపోతుంది, స్వెటర్ బరువు కూడా మణికట్ల మీద పడదు.

ఇక తిట్లు. ఉన్నాయి.

మధ్యాహ్నం ఒకటిన్నరకు షట్టర్ సగం దించేస్తారు, మళ్ళీ నాలుగున్నరకు గానీ ఎత్తరు. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ మూడు గంటలు ఎక్కడ తిరగాలి, రోహిణి కార్తెలో? నేను హోటల్లో చేపల పులుసు భోజనం చేసి, మలై కాజాలు కొని, ఇంకా గంటన్నర మిగిలితే చీరల కొట్లో కూర్చున్నాను. అక్కడ వెంకటగిరి చీర ఒకటి కొనాల్సొచ్చింది, దాని ధర ఈ బిల్లులో కలపలేదు, మా ఆయనకు కూడా చెప్పలేదు. పార్కింగ్ ఊసే ఎత్తకండి, ఆ సందులో బండి పెడితే తీసేటప్పటికి నాలుగు బళ్ళు జరపాలి. ఫోన్ చేస్తే ఎత్తరు. పైన ట్యూబ్‌లైట్ వెలుతురులో ముదురు నీలం, నలుపు ఒకేలా కనిపిస్తాయి.

పెద్ద ఫిర్యాదు ఆ ట్యూబ్‌లైట్ గురించే. నా పది ఉండల్లో ఎనిమిదికి ఒక లాటు నంబరు, రెండింటికి వేరే. సంచి కట్టింది కుర్రాడు, నేనూ చీటీలు చూసుకోలేదు, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ఒకే రంగైనా ఒక్కో విడత అద్దకానికి ఛాయ మారుతుంది, అందుకే ఒకే లాటులో అన్నీ కొనాలనేది అల్లేవాళ్ళకు మొదటి పాఠం. కోడలు గారి నంబరుకు నాలుగుసార్లు చేస్తే ఎత్తారు. ఆ లాటు అయిపోయిందట. "ఆ రెండూ నడుం పట్టీకి, చేతుల అంచులకు వాడమ్మా, రిబ్‌లో తేడా తెలీదు, డిజైనే అనుకుంటారు" అన్నాడు పెద్దాయన. ఉపాయం మంచిదే. అలాగే వాడబోతున్నాను కూడా. కానీ అందరికీ లాటు నంబరు గురించి క్లాసు పీకే మనిషి సంచి కట్టేటప్పుడు ఒకసారి చూసుకోవద్దా? సారీ అన్న మాట కూడా రాలేదు. ఐదుకు నాలుగు ఇద్దామనుకున్నాను, దీనికి అర తగ్గించాను. మీరు వెళ్తే ఉండలన్నీ కింద గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చీటీలు చదివాకే డబ్బులివ్వండి.

ఇంకోటి, యువతకు ఇక్కడ కుదరదు. ఇప్పటి అమ్మాయిలు అడిగే లేత బూడిద, ఆవాల పసుపు, ఇటుక రంగు లాంటివి లేవు. సన్నటి సాక్సుల ఊలు లేదు. నాలుగైదు సూదుల సెట్టు 2.5 మిల్లీమీటర్లలో అడిగితే "ఆర్నెల్లాగు" అన్నాడు. అలాంటివి కావాలంటే ఆన్‌లైనే గతి, లేదా మద్రాసు. క్రోషా కొక్కేలు మాత్రం అన్ని సైజులూ ఉన్నాయి.

ఇది రాస్తున్నది శ్రావణమాసంలో. ఎండల్లో ఒళ్ళో ఊలు పెట్టుకోలేం కాబట్టి ముందు కాటన్, తర్వాత మఫ్లర్, చివర్లో స్వెటర్ అని క్రమం వేసుకున్నాను, స్వెటర్‌లో కూడా చేతులు ముందు, ఒళ్ళంతా కప్పే నడుం భాగం వానలు పడ్డాక. పసిబిడ్డ స్వెటర్ 32 రోజులనుకున్నది 38 అయింది, మధ్యలో రెండు పెళ్ళిళ్ళు. మఫ్లర్ ముప్పావు వంతు అయింది. నాయన రోజూ వచ్చి పొడవు చూసి వెళ్తున్నారు. అటక మీది నాలుగు సంచుల్లో ఒకటి విప్పేసి ఆ ఊలును లచ్చిలు చుట్టి తడిపి ఆరేశాను, వంకరలు పోయాయి, కుషన్ కవర్లకు పనికొస్తుంది, ఎప్పటికో.

పసిదానికి కాటన్ రెండు ఉండలే పట్టాయి. మూడోది విప్పలేదు, చీటీ ఉంది. మొన్న నెల్లూరులో పనుండి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి ఇచ్చాను. పెద్దాయన చీటీ చూసి, గల్లా పెట్టెలోంచి 130 రూపాయలు తీసి చేతిలో పెట్టి, "శాలువా సంగతేం చేశావు?" అన్నాడు. ఉగాది తర్వాత చూద్దామన్నాను. అరిగిపోయిన డైరీ ఒకటి తీసి అందులో నా పేరు, పక్కన "శాలువా, అసలు ఊలు, ఉగాది" అని రాసుకున్నాడు. రంగు రాయలేదేమని అడిగితే, పగలు పదింటికి రమ్మన్నాడు, గుమ్మం దగ్గర చూసి రాద్దామట.